పన్నెండు సున్నాలు

పోయిన వారం మందుల బీరువా తలుపు తీసి, లోపలున్నది చూసి నేను నోరు తెరిచిన దగ్గర ఆగాం. ఆ నోరు మళ్ళీ మూతపడలేదు. ఇవాళ చెప్పేదంతా ఆ పొద్దుటి గొడవే.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా అత్తయ్యకి క్యాన్సర్. కడుపులో మొదలై వెన్నెముకకి పాకింది. చేయగలిగిందంతా చేశామని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆవిడకీ ఇంటి మంచం మీదే పోవాలని ఉంది. హోమ్‌కేర్ ఆఫీసు నుంచి పదిహేను రోజులకోసారి నర్సమ్మ వచ్చి చూస్తుంది. మిగతా రోజుల్లో పొద్దున పదింటికి ఫోన్ చేసి నొప్పి ఎలా ఉందని అడుగుతుంది. పోయినసారి వచ్చినప్పుడు మార్ఫిన్ మందు సీసా ఒకటి ఇచ్చి, 'నొప్పి ఉన్నప్పుడు, నాలుగు గంటలకోసారి' అని కాగితం మీద రాసి వెళ్ళింది. ఆ సీసా మా వదిన స్వాధీనంలోకి పోయింది. వదినంటే మా ఆయన అక్క, అత్తయ్యకి పెద్ద కూతురు. ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. తల్లిని చూసుకోవడానికి నెల క్రితం పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చింది. వచ్చిన రోజే బీరువా తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది.

ఆ తాళంచెవిని ఆ పొద్దున స్నానాలగదిలో మరిచిపోయింది. నేను దూది కోసం బీరువా తీశాను. సీసా ముందు వరసలోనే ఉంది. మూత చుట్టూ కంపెనీవాడు వేసిన సీలు వేసినట్టే ఉంది. అది మా ఇంటికొచ్చి అప్పటికి పన్నెండు రోజులు.

సీసా చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చాను. వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని స్కేలు పెట్టి చార్టుకి గీతలు గీస్తోంది. మా ఆయన పేపరు వెనకాల ఉన్నాడు.

"ఏమిటి వదినా ఇది?"

తలెత్తి చూసింది. "సీసా."

"దీనికి సీలు ఎందుకుంది?"

"తీయలేదు కాబట్టి."

తరగతి గదిలో వెనక బెంచీవాడికి చెప్పినట్టు చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పన్నెండు రోజుల్నుంచి ఒక్క చుక్క కూడా ఇవ్వలేదా ఆవిడకి?"

"నొప్పి ఉన్నప్పుడు ఇమ్మన్నారు. నొప్పి లేదు. ఇవ్వలేదు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?" అని చార్టు నా వైపు తిప్పింది.

నర్సమ్మ ఇచ్చిన చార్టు అది. పైన వరసగా మొహాల బొమ్మలుంటాయి. సున్నా దగ్గర నవ్వుతున్న మొహం, పది దగ్గర ఏడుస్తున్న మొహం. కింద తేదీల వారీగా గళ్ళు. పన్నెండు గళ్ళలో పన్నెండు సున్నాలు. అన్నీ ఒకే సైజులో, అంచులు కలిసేలా, ముచ్చటగా వేసి ఉన్నాయి. ఏ పిల్లాడి పేపరు మీద అంత శ్రద్ధగా సున్నా వేసేదో అనుకున్నాను.

"ఈ సున్నాలు ఎవరు చెబితే వేశారు?"

"అమ్మ. ఇంకెవరు చెబుతారు? రోజూ పదింటికి నర్సు అడుగుతుంది, అమ్మ సున్నా అంటుంది, నేను వేస్తాను. పేపర్లో ఏం రాస్తే దానికే మార్కులు. రాయనిదానికి వెయ్యమంటే నా వల్ల కాదు."

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుని. పదిహేడేళ్ళ నుంచి డాక్టరుగారి పక్కన నిలబడి, ఆయన సూది గుచ్చేటప్పుడు జంతువుని పట్టుకునేదాన్ని నేనే. నా దగ్గరికొచ్చే వాళ్ళెవరూ ఫలానా చోట నొప్పి అని నోటితో చెప్పరు. పక్కటెముక విరిగిన కుక్క కూడా యజమానిని చూస్తే తోక ఊపుతుంది. 'చూడండి, హుషారుగానే ఉంది' అంటాడు వాడు. పిల్లి గుర్రుమంటుంటే సుఖంగా ఉందనుకుంటారు. తొడ ఎముక రెండు ముక్కలైన పిల్లి గుర్రుమంటూ నా ఒళ్ళో పడుకోవడం నేను చూశాను. అందుకని మేము చెవులు చూస్తాం, కళ్ళు చూస్తాం, ఏ పక్కకి పడుకోవడం మానేసిందో చూస్తాం. ఇందులో గొప్పేమీ లేదు. చూడ్డమే మా పని.

నాలుగు రోజులుగా సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను కాబట్టి అత్తయ్యని పగలంతా చూశాను. చూసిందంతా వదినకి చెప్పాను.

"ఆవిడ ఎడమ పక్కకి తిరగడం మానేసింది. దుప్పటి సర్దబోతే నా చెయ్యి పట్టుకుని ఆపుతోంది. పక్క మార్చేటప్పుడు ఊపిరి బిగబడుతోంది, పడుకోబెట్టాక వదులుతోంది. నిన్న గంటన్నరసేపు పేపరు పట్టుకుని ఒక్క పేజీ తిప్పలేదు. రేడియో కట్టెయ్యమంది. ఆవిడ, రేడియో కట్టెయ్యమంది! కాళ్ళ వేళ్ళు ఎప్పుడు చూసినా లోపలికి ముడుచుకునే ఉంటున్నాయి. అది నొప్పి వదినా. అది నొప్పి కాకపోతే నా పేరు మార్చుకుంటాను."

వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అది యుద్ధం మొదలైందనడానికి గుర్తు.

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? గేదెల్నీ కుక్కల్నీ చూసే కళ్ళతో మా అమ్మని చూస్తావా? ఆవిడకి నోరుంది. తెలివుంది. అడిగితే చెబుతుంది."

"గేదె అయ్యుంటే నేనీపాటికి ఇంజెక్షను ఇచ్చేసి ఉండేదాన్ని. మనిషై పుట్టినందుకే ఇలా పడుంది."

మాట తూలిందని నాకూ తెలుసు. వెనక్కి తీసుకోవాలనిపించలేదు. పేపరు మడత పెట్టిన చప్పుడైంది. మా ఆయనకి ఇంట్లో గొంతులు లేచాయంటే పాలు అయిపోయిన సంగతి గుర్తొస్తుంది.

"పాల ప్యాకెట్ తెస్తాను," అన్నాడు చెప్పులు వెతుక్కుంటూ.

"ఫ్రిజ్‌లో మూడున్నాయి," అన్నాను.

"రేపటికి," అని వెళ్ళిపోయాడు.

వదిన గోడ గడియారం వంక చూసింది. పదికి మూడు నిమిషాలు తక్కువ. "సరే. ఇంకాసేపట్లో నర్సు ఫోన్ చేస్తుంది. స్పీకర్ పెడతాను. నీ చెవులతో నువ్వే విను. విన్నాక ఈ విషయం మళ్ళీ ఎత్తకూడదు," అంది. నేను సరేనన్నాను.

అత్తయ్య గది చిన్నది. మంచం, దాని పక్కన స్టూలు, స్టూలు మీద పాత ల్యాండ్‌లైన్ ఫోను. సెల్‌ఫోను ఇస్తే ముట్టుకోదు. రిసీవరు చేతికి బరువుగా తగలకపోతే ఆవిడకి మాట రాదు. ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసిన మనిషి. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా వందల చిల్లుల బోర్డు, చేతిలో వైర్లు. రోజంతా తిట్టేవాళ్ళు, తొందరపెట్టేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. ఎవరితోనైనా గొంతులో నవ్వు వినిపించాల్సిందే. వెనకాల సూపర్‌వైజరు కూర్చుని, చెప్పకుండా ఏదో ఒక లైన్లోకి దూరి వినేదట. ఎవరి గొంతులోనైనా విసుగు వినబడితే సాయంత్రానికి మెమో. అత్తయ్యకి ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మెమో లేదు. మామయ్య పోయిన వారానికే డ్యూటీకి వెళితే, లైన్లో ఉన్నవాళ్ళెవరికీ అనుమానం కూడా రాలేదు.

ఇంకో కథ కూడా ఉంది. పురిటి నొప్పులు మొదలయ్యాక కూడా షిఫ్టు ముగిసేదాకా కూర్చుని కనెక్షన్లు ఇచ్చి, అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి వదినని కన్నదట. పుట్టినరోజులకీ చుట్టాలొచ్చినప్పుడూ ఇంటిల్లిపాదీ చెప్పుకుని నవ్వుకునే కథ ఇది. నేనూ నవ్వాను. వదినైతే కాస్త గర్వంగా చెప్పుకుంటుంది. ఒక మనిషిని అంత నొప్పిలో కుర్చీకి కట్టేసి ఉంచారే, ఇందులో నవ్వడానికేముంది అని మాలో ఒక్కరికీ తోచలేదు.

మేము గదిలోకి వెళ్ళేసరికి అత్తయ్య పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. పెదాలు బిగబట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి వాటిని వదులు చేసింది. నేను మంచం కాళ్ళ వైపు వెళ్ళి నిలబడ్డాను. ఫోను మోగింది.

ఆవిడ రిసీవరు అందుకున్న తీరు చూడాలి. ఒంట్లో కండ లేదు, చేతి ఎముకలు లెక్కపెట్టొచ్చు, అయినా రెండో రింగు పూర్తయ్యేలోగా రిసీవరు చెవి దగ్గరుంది. వదిన స్పీకరు మీట నొక్కింది.

"నమస్కారమండీ, చెప్పండి," అంది అత్తయ్య.

ముప్పై ఏళ్ళ అమ్మాయి గొంతు. గదికి వెలుగొచ్చినట్టు అయింది. వదిన నా వైపు చూసి కనుబొమలెగరేసింది.

"ఎలా ఉన్నారమ్మా ఇవాళ?" అంది నర్సమ్మ.

"చాలా బాగున్నానమ్మా. మీరెలా ఉన్నారు? మీ పాపకి జలుబు తగ్గిందా?"

"తగ్గిందమ్మా. మరి నొప్పి? సున్నా నుంచి పదిలో ఎంతుంది?"

నేను వంగి, ఆవిడ కాళ్ళ మీదున్న దుప్పటి పక్కకి తీశాను.

రెండు పాదాలూ వంకరపోయి ఉన్నాయి. బొటనవేళ్ళు పక్క వేళ్ళ మీదకెక్కి, గోళ్ళు తెల్లబడేలా బిగుసుకున్నాయి. మడమలు పరుపులోకి దిగబడి ఉన్నాయి. ఎడమ చెయ్యి దుప్పటి అంచుని మెలిపెడుతోంది. జుట్టు మొదళ్ళలో చెమట. పైన గొంతు మాత్రం పూలు అమ్ముతున్నట్టుంది.

"సున్నానమ్మా. ఏం లేదు. మీరు శ్రమ పెట్టుకోకండి."

వదిన గెలిచిన మొహంతో నా వైపు తిరిగింది. నేను ఆమె వైపు చూడలేదు, పాదాల వైపు చూశాను. కాసేపటికి ఆమె కూడా చూసింది. కనుబొమలు దిగిపోయాయి. స్పీకర్లో నర్సమ్మ 'సున్నా' అంటూ రాసుకుంటోంది. వదిన ఆమెని ఆపలేదు. చూసిన తర్వాత కూడా ఆమె అలా నిలబడే ఉంది చూశారూ, అప్పుడు నాకు లెంపకాయ కొట్టాలనిపించింది. దాచుకోవడమెందుకు, నిజంగానే చెయ్యి దురద పెట్టింది.

కొట్టలేదు. వెళ్ళి ఫోను మీద రిసీవరు పెట్టే చోటున్న మీట నొక్కి పట్టుకున్నాను. లైన్ తెగిపోయింది.

"ఏం చేస్తున్నావు నువ్వు!" అంది వదిన.

నేను అత్తయ్య చెవి దగ్గరకి వంగాను. "అత్తయ్యా. లైన్ కట్టయింది. ఎవరూ వినడం లేదు. సూపర్‌వైజరు కూడా ఇంటికెళ్ళిపోయింది."

ఆవిడ నా మాట నమ్మలేదు. రిసీవరుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని విన్నది. అటు ఊపిరి చప్పుడైనా ఉందేమోనని పరీక్ష చేసింది. నా వేలు మీట మీదే ఉంది. ఏమీ వినబడలేదు. అప్పుడు రిసీవరుని గుండెల మీద బోర్లా పెట్టుకుంది.

"అమ్మా," అంది.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వదినా వినలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది. అరవై ఏళ్ళ కూతురు తల్లి గొంతు మొదటిసారి విన్నట్టు బిత్తరపోయింది. అది మనిషి గొంతులా లేదు. మా ఆసుపత్రిలో నేను రోజూ వినే గొంతది.

"నడుములోకి మేకు దిగ్గొడుతున్నారే. ఒకటి దిగాక ఇంకోటి. పొద్దుటే కాదు, ఎప్పుడూ. కదిలితే చాలు."

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"నర్సమ్మ వచ్చి వెళ్ళినప్పటి నుంచి. అంతకుముందూ ఉంది, ఇంతలా లేదు."

"మరి సున్నా అని ఎందుకు చెప్పావమ్మా?" అంది వదిన. "రోజూ అడిగారు కదా!"

"ఫోన్లో అడిగారే. ఫోన్లో అలా ఎలా చెబుతాను? ఆ అమ్మాయి తన పని తను చేసుకుంటోంది. ఇంకా ఎంతమందికి చేసుకోవాలో."

"నాకైనా చెప్పొచ్చు కదా."

"నువ్వెప్పుడు అడిగావు? ఫోను పెట్టేశాక చార్టు తీసుకుని వెళ్ళిపోయేదానివి."

వదిన మంచం అంచున కూర్చోబోయి, కూర్చుంటే మంచం కదులుతుందని గుర్తొచ్చి, నేల మీద కూలబడింది. "ఎంతుంది అమ్మా? పదిలో ఎంత?"

"పది తర్వాత ఏముంటుందో నువ్వే చెప్పు. లెక్కల టీచరువి."

నేను రిసీవరు ఫోను మీద పెట్టేసి, సీసా తెచ్చి వదిన చేతిలో పెట్టాను. సీలు తెంచమన్నాను. గోరు జారింది. పళ్ళతో తెంచింది. కొలత మూతలో పోసి, కిటికీ వెలుతురుకి ఎత్తి, గీత దగ్గరికి వచ్చిందో లేదో చూసింది. చూసి ఆగిపోయింది.

"నిద్రపోతే?" అంది.

"పోనివ్వండి."

"నీకు తెలీదు. ఆసుపత్రిలో మొదటిసారి ఏదో మాత్ర ఇచ్చారు. రెండు రోజులు మత్తులోనే ఉంది. లేచి నన్ను చూసి 'ఎవరు మీరు' అంది. మా అమ్మ నన్ను, మీరు అంది. ఇంకెన్ని రోజులుందో తెలీదు. ఆ ఉన్న రోజులు కూడా మత్తుకి ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?"

మొత్తానికి అసలు సంగతి బయటపడింది. పన్నెండు సున్నాల అడుగున ఉన్నది లెక్కలూ కాదు, మార్కులూ కాదు. తల్లితో మాట్లాడుకోవాలనే ఆశ. మామూలుగా అయితే నాకు జాలేసేది. తర్వాత వేసింది కూడా. ఆ నిమిషంలో మాత్రం నాకు జాలి లేదు.

"మీతో మాట్లాడటం కోసం ఆవిడ మేకులు దిగ్గొట్టించుకోవాలా? ఇవ్వండి ముందు."

ఇచ్చింది. పది ఇరవై అయింది. టైము చార్టు మీద రాసింది. అలవాటు పోదు.

ఆ అరగంటలో నా కోపం చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చింది. వదిన లెక్కల మనిషి, చూడటం ఆమె పని కాదు. నాది అదే పని. పొద్దున ఎనిమిదికి ఇంట్లోంచి వెళ్ళి, ఎవరి కుక్క కుంటుతోందో ఎవరి ఆవు పళ్ళు కొరుకుతోందో చూసొచ్చి, సాయంత్రం ఈ గది గుమ్మంలో నిలబడి 'బాగున్నారా అత్తయ్యా' అని అడిగేదాన్ని. 'బాగున్నాను తల్లీ' అనేది. నేను వెళ్ళి బట్టలు మార్చుకునేదాన్ని. ఎనిమిది రోజులు అలా అడిగాను. పైగా చుట్టాలతో 'మా అత్తయ్యకి ఎంత ఓపికో' అని మెచ్చుకున్నాను. నా తలని నేనే గోడకేసి బాదుకోవాలనిపించింది.

పదకొండు కావస్తుండగా కాలివేళ్ళు ఒకటొకటే విడిపోయాయి. భుజాలు పరుపు మీదికి దిగాయి. అత్తయ్య నిద్రపోలేదు. పెద్దగా ఊపిరి వదిలి, కిటికీ తెరవమంది. తర్వాత వదిన తల మీద చెయ్యి వేసి, "జుట్టు ఇంత పల్చబడిందేమే నీకు," అంది. 'నీకు' అనే అంది. వదిన మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఏడవనిచ్చాను.

అప్పుడు ఫోను మోగింది. మధ్యలో తెగిపోయిందేమని నర్సమ్మే మళ్ళీ చేసింది. ఈసారి నేను తీశాను. పాదాల దగ్గర్నుంచి మేకుల దాకా జరిగిందంతా చెప్పాను.

"మందు ఇచ్చారా?" అంది నర్సమ్మ.

"ఇచ్చాం. తేరుకుంది."

"అయ్యో," అంది. తేరుకుందంటే అయ్యో అనడమేమిటో నాకర్థం కాలేదు. "పన్నెండు రోజులూ సున్నా అనే ఉంది కదండీ మా దగ్గర. నిన్న డాక్టరుగారు చీటీలోంచి ఆ మందు కొట్టేశారు. వాడని సీసా వెనక్కి తెచ్చెయ్యమన్నారు. ఇవాళ మీకు చెబుదామనే అనుకుంటున్నాను. అది ఊరికే ఉంచే మందు కాదు, చుక్క చుక్కకీ ఆయన సంతకం కావాలి. ఉండండి, ఆయన ఇక్కడే ఉన్నారు, ఇస్తాను."

డాక్టరు గొంతులో తొందర. వెనక కాగితాలు తిప్పుతున్న చప్పుడు. నేను రెండో వాక్యంలో ఉండగానే "మీ ఇంట్లో చార్టు మీద సున్నాలు ఎవరు వేశారు?" అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. నా చేతిలోంచి రిసీవరు తీసుకుంది.

"నేను వేశాను డాక్టరుగారూ. చూడకుండా వేశాను. తప్పు నాది."

తప్పు నాది అనే మాట ఆ నోట్లోంచి రావడం నేను పెళ్ళై వచ్చాక అదే మొదటిసారి. ఆ కాస్తకే నా కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగం ఆ తర్వాత జరిగినదానికి సరిపోలేదు.

డాక్టరు ఏదో గట్టిగా అన్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు గానీ వదిన మొహం పాలిపోయింది. అత్తయ్యకి వినబడింది. ఆ చెవులకి వినబడనిదంటూ ఉండదు. చెయ్యి చాచి కూతురి చేతిలోంచి రిసీవరు లాక్కుంది.

"నమస్కారం డాక్టరుగారూ." అదే గొంతు! ముప్పై ఏళ్ళ అమ్మాయి మళ్ళీ వచ్చేసింది. "మా అమ్మాయిని ఏమీ అనకండి. నేను చెప్పిందే రాసింది. నన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటోందండీ. నాకే లోటూ లేదు."

నేను నెత్తి కొట్టుకున్నాను. కూతుర్ని కాపాడుకోవడానికి ఆవిడ దగ్గరున్నది ఆ గొంతొక్కటే. నేను రిసీవరు లాక్కునే సరికి అటు డాక్టరు నవ్వుతున్నాడు.

"ఆవిడ గొంతు వింటుంటేనే తెలుస్తోంది కదమ్మా. అంత నొప్పి ఉన్న మనిషి అలా మాట్లాడుతుందా?"

"మందు ఇచ్చాం కాబట్టి మాట్లాడుతోంది."

"పొద్దున పదింటికి మందు ఇవ్వకముందు కూడా ఇలాగే మాట్లాడారట కదా. మా నర్సు చెప్పింది."

దానికి నా దగ్గర జవాబుంది. ఫోన్లో చెబితే అర్థమయ్యే జవాబు కాదు. "కాళ్ళు ఫొటో తీసి పంపిస్తాను," అన్నాను.

"ఫొటోలు వద్దు. సాయంత్రం ఐదింటికి నేనే వచ్చి మనిషిని చూస్తాను. నొప్పి ఉంటే అక్కడికక్కడే రాసిస్తాను. లేదంటే సీసా తీసుకెళ్ళిపోతాం. మీ ఇంటి తగాదాల మీద మార్ఫిన్ రాయలేను," అని పెట్టేశాడు.

రిసీవరు దాని చోట పెట్టాను. విసిరేయాల్సింది, అత్తయ్య చూస్తోందని పెట్టాను. మందు పనిచేస్తే మనిషి స్థిమితంగా ఉంటుంది. స్థిమితంగా ఉంటే డాక్టరు నొప్పి లేదంటాడు. నొప్పి లేకపోతే మందు పట్టుకుపోతాడు. దీన్ని చదువుకున్నవాళ్ళు కూర్చుని రాసుకున్న పద్ధతంటారు. మా ఆసుపత్రిలో ఎడ్ల డాక్టరు ఇలా మాట్లాడితే ఎద్దే తన్నేది.

మేమిద్దరం గది బయటికి వచ్చాం. వదిన చార్టు చూసి వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పది ఇరవైకి ఇచ్చాం. మళ్ళీ ఇవ్వాల్సింది రెండు ఇరవైకి. అప్పుడిస్తే ఐదింటికి ఇలాగే ఉంటుంది. నవ్వుతూ నమస్కారం పెడుతుంది."

"అయితే?"

ఆమె రెండు ఇరవైకి ఎత్తిన వేలు మడిచేసింది. చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. ఒళ్ళంతా భగ్గుమంది.

"నోటి దాకా రానివ్వకండి వదినా ఆ మాట. పన్నెండు రోజులు చాల్లేదా?"

"నేను ఆ మాట అన్నానా?" అంది. "కానీ ఇవాళొక్క రెండున్నర గంటలు... లేకపోతే రేపటి నుంచి చుక్క కూడా ఉండదు. ఉన్నన్నాళ్ళూ ఉండదు. నువ్వే చెప్పు, ఏది తక్కువ?"

"ఏదీ తక్కువ కాదు! నేను ఆయన ఎదురుగా నిలబడి చెబుతాను. కాలర్ పట్టుకుని చెబుతాను."

"ఆయన నీ మాట వింటాడా? నేనే వినలేదు," అంది వదిన.

అంతలో మా ఆయన పాల ప్యాకెట్లతో లోపలికొచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమైంది?" అన్నాడు.

గదిలోంచి అత్తయ్య పిలిచింది. నిద్రపోయిందనుకున్నాం. ముగ్గురం గుమ్మంలో గుమిగూడాం. కళ్ళు మూసుకునే ఉంది. మా మాటలన్నీ విందని అప్పుడర్థమైంది. ఈసారి ఆవిడ మాట్లాడింది ఫోను గొంతుతో కాదు, నొప్పి గొంతుతోనూ కాదు. ఇంటికి పెద్దది ఒక నిర్ణయం చెప్పే గొంతుతో చెప్పింది.

"రెండు ఇరవైకి నాకా మందు ఇవ్వకండి. ఆయన వచ్చి కళ్ళారా చూసి వెళ్ళనీ."

అప్పుడు టైము పదకొండున్నర. డాక్టరు రావడానికి ఇంకా ఐదున్నర గంటలుంది.